సంబంధం లేని ఎక్సెప్షన్లను ఒకే క్యాచ్‌లో పట్టుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. గుంటూరులో మిర్చి కమీషన్ వ్యాపారుల కోసం జావాలో ఒక ప్రోగ్రాం రాస్తున్నారు. అది కాటా దగ్గర తయారయ్యే ఫైలును చదవాలి, అందులోని తేదీలను, తూకాలను విడదీయాలి, డేటాబేసులో వేయాలి, చివరికి ఆ లెక్కను మరో సర్వరుకు పంపాలి. ఈ దారిలో ఫైలుకు సంబంధించి ఒక ఎక్సెప్షన్ (పని మధ్యలో లోపం వస్తే జావా విసిరే వస్తువు), తేదీకి ఒకటి, డేటాబేసుకు ఒకటి, నెట్‌వర్క్‌కు ఒకటి వస్తున్నాయి. వాటికి ఒకదానితో ఒకటి చుట్టరికం లేదు. అయినా మీరు రాసిన ప్రతి క్యాచ్‌లోనూ, అంటే ఆ ఎక్సెప్షన్‌ను పట్టుకునే కోడ్ ముక్కలోనూ, అవే రెండు వరసలు ఉన్నాయి: లాగ్ రాయడం, తెర మీద సందేశం చూపడం. 'ఇవన్నీ తీసేసి ఎక్సెప్షన్ అన్న క్లాసును ఒక్కదాన్ని పట్టుకో, సరిపోతుంది' అని మీ సీనియర్ అన్నారు. అది సరైన పద్ధతేనా, ఇంకేదైనా దారి ఉందా అని అడిగారు.

సూటిగా చెబుతాను. మీ సీనియర్ చెప్పిన దారి వద్దు. మీరు ఇప్పుడు రాస్తున్నట్టు ఒకే కోడ్‌ను పదేపదే రాయడమూ వద్దు. తర్వాత చేయాల్సిన పని ఒకటే అయిన ఎక్సెప్షన్లను పేరుపేరునా చెప్పి ఒకే క్యాచ్‌లో కలపండి. పేరెంట్ క్లాసు, అంటే కింద పిల్ల క్లాసులున్న పై క్లాసు, పేరు పెట్టి గంపగుత్తగా పట్టుకోకండి. జావా 7లో, అంటే 2011లో, దీనికి వీలు కల్పించారు. మల్టీ క్యాచ్ అంటారు. ఫోనులో రాస్తున్నాను కాబట్టి కోడ్ అతికించకుండా మాటల్లో చెబుతాను. క్యాచ్ అని రాసి, బ్రాకెట్‌లో మొదటి క్లాసు పేరు, ఒక నిలువు గీత, రెండో క్లాసు పేరు, అలా ఎన్ని కావాలంటే అన్ని, చివర ఒకే ఒక్క వేరియబుల్ పేరు. అంతే. ఆ క్లాసుల మధ్య చుట్టరికం ఉండాల్సిన పని లేదు.

రాయడం తేలికే. ఏది దేనితో కలవాలో తేల్చుకోవడం కష్టం. ఈ సమాధానంలో ఎక్కువ భాగం దాని గురించే.

ముందు మీ సీనియర్ సలహా ఎందుకు ప్రమాదమో చూద్దాం. జావాలో ఎక్సెప్షన్ అన్న క్లాసు కింద ఫైలు, నెట్‌వర్క్ లోపాల ఐఓఎక్సెప్షన్, డేటాబేసు లోపాల ఎస్‌క్యూఎల్‌ఎక్సెప్షన్ మాత్రమే లేవు. రన్‌టైమ్ ఎక్సెప్షన్ కూడా దాని పిల్లే. నల్ పాయింటర్ (నల్, అంటే విలువే లేని చోట, విలువ ఉందనుకుని వాడడం), అరే హద్దు దాటడం, తప్పు క్లాసుకు మార్చడం వంటివన్నీ ఆ రన్‌టైమ్ ఎక్సెప్షన్ కిందకు వస్తాయి. ఫైలు దొరకకపోవడం, నెట్ పోవడం బయటి నుంచి వచ్చే ఇబ్బందులు. నల్ పాయింటర్ మాత్రం మన కోడ్‌లోని తప్పు. ఈ రెంటినీ ఒకే వలలో పట్టుకుంటే మన తప్పు బయటి ఇబ్బంది వేషం వేసుకుని తెర మీదకు వస్తుంది. వాడేవారికి అబద్ధం చెప్పినట్టవుతుంది.

ఇలాంటిదే ఒక కోడ్‌ను బాగుచేయడానికి నన్ను పిలిచారు. మీరు చెబుతున్న పనే, గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తెచ్చే ఒక వ్యాపారి దగ్గర. ఏ రైతు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) తెచ్చాడు, రకం ఏమిటి, తూకం ఎంత అన్నది కాటా ఫైలులో వస్తుంది. తేజ రకానికి ఒక కోడ్, 334 రకానికి ఒక కోడ్, బాడిగ రకానికి ఒక కోడ్. ఆ కోడ్‌ను బట్టి హ్యాష్‌మ్యాప్ అనే పట్టికలోంచి క్వింటా రేటు తీసి తూకంతో గుణిస్తారు. సీజను మధ్యలో ఎవరో కాటా దగ్గర కొత్త రకానికి కొత్త కోడ్ ఇచ్చారు. రేట్ల పట్టికలో అది లేదు. హ్యాష్‌మ్యాప్ నల్ ఇచ్చింది. గుణించబోతే నల్ పాయింటర్ ఎక్సెప్షన్ వచ్చింది. చుట్టూ ఉన్న క్యాచ్ అన్నిటినీ పట్టేది కాబట్టి దీన్నీ పట్టుకుని, 'సర్వరు అందుబాటులో లేదు, కాసేపాగి మళ్ళీ నొక్కండి' అని చూపింది.

గుమాస్తా మళ్ళీ నొక్కాడు. రూటరు ఆపి తిరిగి వేశాడు, మళ్ళీ నొక్కాడు. కేబుల్ మార్చి ఇంకోసారి నొక్కాడు. నొక్కిన ప్రతిసారీ, ఆ కొత్త రకం వరసకు ముందున్న వరసలన్నీ డేటాబేసులోకి మరోసారి వెళ్ళాయి. జావా డేటాబేసుతో మాట్లాడే జేడీబీసీలో ఆటోకమిట్ (రాసిన ప్రతి వరసా వెంటనే ఖాయం కావడం) మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది, దాన్ని ఎవరూ ఆపలేదు. ఒకే రైతు ఖాతాలో ఒకే సరుకు మూడు నాలుగు సార్లు జమ అయింది. లాగ్ తెరిచి చూస్తే 'లోపం: నల్' అన్న మాట తప్ప ఏమీ లేదు. ఎక్సెప్షన్ నుంచి సందేశం మాత్రమే తీసి రాశారు, స్టాక్ ట్రేస్ (లోపం కోడ్‌లో ఏ దారిన వచ్చిందో చూపే జాబితా) రాయలేదు. పాత జావాల్లో నల్ పాయింటర్‌కు సందేశమే ఉండదు. ఏ వేరియబుల్ నల్ అయిందో చెప్పే సౌకర్యం జావా 14లో వచ్చింది, జావా 15 నుంచి అది దానంతటదే పనిచేస్తోంది. ఆ దుకాణంలో ఉన్నది జావా 8.

ఆ క్యాచ్‌లో ఐఓఎక్సెప్షన్, ఎస్‌క్యూఎల్‌ఎక్సెప్షన్ అని రెండు పేర్లు మాత్రమే రాసి ఉంటే నల్ పాయింటర్ దాన్ని దాటుకుని పైకి వెళ్ళేది. ప్రోగ్రాం మొదటిసారే ఆగి, కోడ్‌లో ఏ ఫైలులో ఏ వరస దగ్గర ఆగిందో స్టాక్ ట్రేస్‌తో సహా చెప్పేది. రైతుల లెక్కలు చెడిపోయేవి కావు. అందుకే ఈ విషయంలో నేను గట్టిగా మాట్లాడతాను. రెండు వరసల కోడ్ తగ్గుతుందని పెట్టుకున్న ఒక పేరెంట్ క్లాసు మనుషుల డబ్బు లెక్క మీదకు వచ్చింది.

ఇక ఎలా కలపాలి అన్న విషయం. చాలామంది ఎక్సెప్షన్లను కుటుంబాలవారీగా చూస్తారు: ఫైలువి ఒక పక్క, డేటాబేసువి ఒక పక్క, నెట్‌వర్క్‌వి ఒక పక్క. పాఠ్యపుస్తకంలో బొమ్మ వేయడానికి అది బాగుంటుంది. పనిలో పనికిరాదు. నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఇది వచ్చాక ప్రోగ్రాం ఏం చేయాలి? మీ ప్రోగ్రాం విషయంలో దానికి మూడు జవాబులు కనిపిస్తున్నాయి.

మొదటిది, కాసేపు ఆగి మళ్ళీ ప్రయత్నించడం. సర్వరుకు కనెక్షన్ దొరకనప్పుడు వచ్చే కనెక్ట్ ఎక్సెప్షన్, జవాబు ఆలస్యమైనప్పుడు వచ్చే సాకెట్ టైమౌట్ ఎక్సెప్షన్, డేటాబేసు తాత్కాలికంగా మొరాయించినప్పుడు వచ్చే ఎస్‌క్యూఎల్ ట్రాన్సియెంట్ ఎక్సెప్షన్ ఇక్కడికి వస్తాయి. రెండోది, ఆ ఒక్క వరసను పక్కన పెట్టి మనిషికి చెప్పి ముందుకు సాగడం. తేదీ తప్పుగా ఉంటే వచ్చే పార్స్ ఎక్సెప్షన్ లేదా డేట్‌టైమ్ పార్స్ ఎక్సెప్షన్, తూకం గడిలో అంకెలకు బదులు అక్షరాలుంటే వచ్చే నంబర్ ఫార్మాట్ ఎక్సెప్షన్, అదే చీటీ సంఖ్య ఇదివరకే డేటాబేసులో ఉంటే వచ్చే ఇంటెగ్రిటీ కన్‌స్ట్రెయింట్ వయొలేషన్ ఎక్సెప్షన్. ఎన్నిసార్లు ప్రయత్నించినా వీటి ఫలితం మారదు. మూడోది, పని మొత్తం ఆపేసి ప్రోగ్రాం చూసుకునే మనిషికి చెప్పడం. ఫైలు ఉండాల్సిన ఫోల్డరే లేకపోవడం, ఫైలు తెరవడానికి అనుమతి లేకపోవడం, డేటాబేసు పాస్‌వర్డ్ మారిపోవడం. వీటిని గుమాస్తా ఏమీ చేయలేడు.

ఇప్పుడొకటి గమనించండి. ఎస్‌క్యూఎల్‌ఎక్సెప్షన్ పిల్లలు మూడు గుంపుల్లోనూ ఉన్నాయి. ఐఓఎక్సెప్షన్ పిల్లలు మొదటి గుంపులోనూ మూడో గుంపులోనూ ఉన్నాయి. అన్నదమ్ముల్లాంటి క్లాసులు విడిపోయాయి, ఏ సంబంధమూ లేనివి కలిశాయి. అందుకే 'సంబంధం లేని ఎక్సెప్షన్లను కలపవచ్చా' అన్న మీ సందేహానికి నా జవాబు కాస్త ముందుకు వెళుతుంది: చాలాసార్లు కలపాల్సినవి అవే. క్లాసుల వంశవృక్షం ఆ లైబ్రరీ రాసినవారి అవసరాన్ని బట్టి ఏర్పడింది. మీ దుకాణం అవసరం వారికి తెలియదు.

డేటాబేసు గురించి ఒక హెచ్చరిక. ఎస్‌క్యూఎల్‌ఎక్సెప్షన్‌ను తాత్కాలికమైనవి, తాత్కాలికం కానివి అని విడదీసే పిల్ల క్లాసులు జావా 6తో వచ్చాయి. కానీ అన్ని డ్రైవర్లూ (జావాను ఒక్కో డేటాబేసుతో కలిపే లైబ్రరీలు) వాటిని వాడవు. కొన్ని అన్నిటికీ మామూలు ఎస్‌క్యూఎల్‌ఎక్సెప్షన్‌నే విసురుతాయి. అప్పుడు క్లాసు పేరును నమ్ముకుంటే మీ గుంపులు తప్పుతాయి. ఆ ఎక్సెప్షన్ నుంచి ఎస్‌క్యూఎల్ స్టేట్ అనే అయిదక్షరాల కోడ్ తీసుకోవచ్చు. అందులో మొదటి రెండు అక్షరాలు తరగతిని చెబుతాయి: 08 అయితే కనెక్షన్ ఇబ్బంది, 23 అయితే నియమం ఉల్లంఘన, 28 అయితే లాగిన్ చెల్లకపోవడం, 40 అయితే లావాదేవీ వెనక్కి తిరగడం. మీ డ్రైవరు ఏం విసురుతుందో ఒకసారి చేత్తో పరీక్షించి చూసుకోండి. అదే చీటీని రెండుసార్లు ఎక్కించండి, పాస్‌వర్డ్ తప్పు ఇవ్వండి, సర్వరు ఆపండి. వచ్చిన క్లాసు పేరు, స్టేట్ రాసిపెట్టుకోండి.

మొదటి గుంపులోనూ ఒక మెలిక ఉంది. కనెక్ట్ ఎక్సెప్షన్ వచ్చిందంటే కనెక్షనే కుదరలేదు, అవతలికి ఏమీ వెళ్ళలేదు. మళ్ళీ పంపినా నష్టం లేదు. సాకెట్ టైమౌట్ అలా కాదు. మనకు జవాబు రాలేదన్నది మాత్రమే నిజం. అవతలి సర్వరు మన లెక్కను తీసుకుని, రాసుకుని, జవాబు పంపేలోపు నెట్ పోయి ఉండవచ్చు. వెంటనే మళ్ళీ పంపితే అదే లెక్క రెండోసారి పడుతుంది. అవతలి సర్వరు చీటీ సంఖ్యను చూసి 'ఇది ఇదివరకే వచ్చింది' అని గుర్తించగలిగితేనే ఈ రెండూ ఒకే గుంపులో ఉండాలి. గుర్తించలేకపోతే వేరు చేయండి. టైమౌట్ వచ్చినప్పుడు ముందు ఆ చీటీ చేరిందో లేదో అడిగి, చేరలేదంటేనే పంపండి. రెండూ నెట్‌వర్క్‌కు చెందినవే, రెండూ ఐఓఎక్సెప్షన్ పిల్లలే. అయినా చేయాల్సిన పని వేరు.

కంపైలర్ పెట్టే షరతులు కొన్ని తెలిసి ఉండాలి. మల్టీ క్యాచ్‌లో ఒక క్లాసునూ దాని పిల్ల క్లాసునూ కలిపి రాయకూడదు. ఐఓఎక్సెప్షన్ పక్కన ఫైల్ నాట్ ఫౌండ్ ఎక్సెప్షన్ రాస్తే కంపైల్ కాదు, ఎందుకంటే మొదటిదానిలో రెండోది ఉండనే ఉంది. వేర్వేరు క్యాచ్‌లుగా రాసేటప్పుడు పిల్ల క్లాసు పైన, పేరెంట్ క్లాసు కింద ఉండాలి. తిరగేస్తే పిల్ల క్యాచ్‌కు ఎప్పటికీ వంతు రాదని కంపైలరే ఆపుతుంది. చెక్డ్ ఎక్సెప్షన్ అంటే పట్టుకుంటారో పైకి పంపుతారో కోడ్‌లో చెప్పి తీరాల్సిన రకం. ట్రైలోని (క్యాచ్ కాపలా కాసే భాగంలోని) కోడ్ విసిరే అవకాశమే లేని చెక్డ్ ఎక్సెప్షన్‌ను పేరు పెట్టి పట్టుకోబోయినా కంపైలర్ ఒప్పుకోదు. అది మంచిదే. రేపు ఎవరైనా ఫైలు చదివే భాగాన్ని తీసేస్తే, పనికిరాని క్యాచ్ మిగిలిందని అదే గుర్తుచేస్తుంది. అన్నిటినీ పట్టే క్యాచ్‌కు ఈ కాపలా ఉండదు.

మల్టీ క్యాచ్‌లోని వేరియబుల్‌కు కొత్త విలువ ఇవ్వడం కుదరదు, అది ఫైనల్. దాని మీద ఆ క్లాసులన్నిటికీ ఉమ్మడిగా ఉన్న మెథడ్లను మాత్రమే పిలవగలరు. సందేశం, కారణం, స్టాక్ ట్రేస్ దొరుకుతాయి. ఇందాక చెప్పిన ఎస్‌క్యూఎల్ స్టేట్ దొరకదు. కొందరు దీన్ని దాటడానికి క్యాచ్ లోపల ఇన్‌స్టెన్స్‌ఆఫ్ పెట్టి 'ఇది ఎస్‌క్యూఎల్‌ఎక్సెప్షన్ అయితే ఇలా, కాకపోతే అలా' అని రాస్తారు. క్యాచ్ లోపల ఇన్‌స్టెన్స్‌ఆఫ్ రాయాలనిపించిందంటే ఆ ఎక్సెప్షన్లు ఒకే గుంపువి కావు. విడిగా రెండు క్యాచ్‌లు పెట్టండి. వాటిలో ఉమ్మడిగా ఉన్న రెండు వరసలను ఒక చిన్న ప్రైవేట్ మెథడ్‌లో పెట్టి రెండు చోట్ల నుంచీ పిలవండి. మల్టీ క్యాచ్ వాడి తీరాలన్న నియమమేమీ లేదు.

ఏ గుంపులోనూ కలపకూడనిది ఒకటుంది: ఇంటరప్టెడ్ ఎక్సెప్షన్. మళ్ళీ ప్రయత్నించే ముందు థ్రెడ్‌ను (ప్రోగ్రాంలో నడిచే ఒక పని దారిని) కాసేపు నిద్రపుచ్చుతారు కదా, అక్కడ ఇది వస్తుంది. దీని అర్థం ఏదో పాడైందని కాదు, ఎవరో ఈ థ్రెడ్‌ను ఆగమని అడుగుతున్నారని. దీన్ని మిగతావాటితో కలిపి లాగ్ రాసి మళ్ళీ ప్రయత్నిస్తే ప్రోగ్రాం మూసినా మూసుకోదు. విడిగా పట్టుకుని, థ్రెడ్ మీద ఇంటరప్ట్ గుర్తును తిరిగి పెట్టి, పని ఆపి బయటికి రండి. అన్నిటినీ పట్టే క్యాచ్‌లో ఇది కూడా మునిగిపోతుంది. మీ సీనియర్ సలహాకు ఇది నా రెండో అభ్యంతరం.

ఒకే గుంపు నాలుగైదు చోట్ల పునరావృతమవుతుంటే, అవే మూడు పేర్లు, అవే నిలువు గీతలు ప్రతి ఫైలులోనూ కనిపిస్తుంటే, మల్టీ క్యాచ్ చాలదు. అప్పుడు సొంత ఎక్సెప్షన్ క్లాసులు తయారుచేసుకోవాలి. మీ ప్రోగ్రాంకు మూడు చాలు: తాత్కాలిక లోపం, వరస లోపం, ఏర్పాటు లోపం. డేటాబేసుతో మాట్లాడే క్లాసు తనకు వచ్చిన ఎస్‌క్యూఎల్‌ఎక్సెప్షన్‌ను, స్టేట్ చూసి, ఈ మూడింటిలో సరైనదానిగా మార్చి పైకి విసరాలి. నెట్‌వర్క్ క్లాసు కూడా అంతే. పైన ఉన్న కోడ్‌కు ఎస్‌క్యూఎల్ అన్న మాటే వినిపించకూడదు. అప్పుడు పైన మూడు క్యాచ్‌లు మాత్రమే మిగులుతాయి, ఒక్కోదానిలో ఒక్కో పని. రేపు డేటాబేసు మారినా, ఫైలుకు బదులు కాటా యంత్రం నేరుగా నెట్‌వర్క్‌లో అంకెలు పంపినా ఆ మూడూ మారవు. నేను బాగుచేసిన ఆ మిర్చి దుకాణం కోడ్‌లో చివరికి చేసింది ఇదే. కొత్త రకం కోడ్ వచ్చినప్పుడు అది ఇప్పుడు వరస లోపం అవుతుంది, 'ఈ రకానికి రేటు పెట్టలేదు' అని రకం కోడ్‌తో సహా తెర మీద కనిపిస్తుంది. గుమాస్తా రేటు ఎక్కించి ఆ ఒక్క వరసను మళ్ళీ పంపుకుంటాడు.

ఇలా మార్చేటప్పుడు అసలు ఎక్సెప్షన్‌ను కొత్తదానికి కారణంగా తప్పనిసరిగా ఇవ్వండి. జావా 1.4 నుంచి, అంటే 2002 నుంచి, కన్‌స్ట్రక్టర్‌లో రెండో విలువగా దాన్ని ఇచ్చే వీలుంది. ఇవ్వకపోతే స్టాక్ ట్రేస్ మీ మార్పిడి జరిగిన వరస దగ్గరే ఆగిపోతుంది. అసలు ఎక్కడ మొదలైందో ఎప్పటికీ తెలియదు.

పేరెంట్ క్లాసు ఒకటి చేసుకోవాలా, ఇంటర్‌ఫేస్ (ఏ మెథడ్లు ఉండాలో చెప్పే ఒప్పందం) చేసుకోవాలా అని తర్వాత మీకే సందేహం వస్తుంది. జావాలో ఇంటర్‌ఫేస్‌ను క్యాచ్‌లో రాయడానికి కుదరదు. అక్కడ త్రోవబుల్ (విసరగలిగే వాటన్నిటికీ మూల క్లాసు) లేదా దాని పిల్ల క్లాసులే ఉండాలి. అయితే మీరు రాసిన రెండు ఎక్సెప్షన్లు ఒకే ఇంటర్‌ఫేస్‌ను అమలుచేస్తే, వాటిని మల్టీ క్యాచ్‌లో కలిపినప్పుడు ఆ ఇంటర్‌ఫేస్‌లోని మెథడ్‌ను వేరియబుల్ మీద నేరుగా పిలవవచ్చు. 'ఎన్ని క్షణాలు ఆగి మళ్ళీ ప్రయత్నించాలి' అన్న సమాచారాన్ని అలా తీసుకోవచ్చు. కంపైలర్ వాటి మధ్య ఉమ్మడిగా ఉన్నదంతా లెక్కలోకి తీసుకుంటుంది. ఇది చాలామందికి తెలియదు.

భాషను తయారుచేసేవారే ఈ ఇబ్బంది పడి పేరెంట్ క్లాసులు తెచ్చిన సందర్భాలున్నాయి. జావాలో రిఫ్లెక్షన్ (ప్రోగ్రాం నడుస్తుండగా క్లాసులను, మెథడ్లను పేరుతో వెతికి వాడడం) వాడితే క్లాస్ నాట్ ఫౌండ్, నో సచ్ మెథడ్, ఇల్లీగల్ యాక్సెస్ అంటూ వరసగా పట్టుకోవాల్సి వచ్చేది. వాటి మధ్య ఎక్సెప్షన్ తప్ప దగ్గరి పేరెంట్ లేదు. జావా 7లో రిఫ్లెక్టివ్ ఆపరేషన్ ఎక్సెప్షన్ అని ఒకటి తెచ్చి వాటన్నిటినీ దాని కింద చేర్చారు. పైథాన్‌లో ఫైలు లోపాలకు, సాకెట్ లోపాలకు, ఆపరేటింగ్ సిస్టమ్ లోపాలకు వేర్వేరు క్లాసులు ఉండేవి. 3.3లో వాటన్నిటినీ ఓఎస్‌ఎర్రర్‌గా ఒకటి చేశారు. చేయాల్సిన పని ఎప్పుడూ ఒకటే అయినచోట అది సరైన నిర్ణయం. ఐఓఎక్సెప్షన్‌కూ ఎస్‌క్యూఎల్‌ఎక్సెప్షన్‌కూ కొత్త పేరెంట్‌ను మీరు తేలేరు, అవి మీవి కావు. అందుకే మీకున్న దారి మార్పిడి.

అన్నిటినీ పట్టే క్యాచ్ అసలు ఎక్కడా ఉండకూడదా? ఉండాలి, అంచుల దగ్గర. ఒక కోల్డ్ స్టోరేజీలో సరుకు నిల్వను కొద్ది నిమిషాలకోసారి పైకి పంపే చిన్న ప్రోగ్రాం ఉందనుకోండి. అలాంటిదానికి, పనిని నిర్ణీత వ్యవధికోసారి నడిపే జావా షెడ్యూల్డ్ ఎగ్జిక్యూటర్ సర్వీస్ వాడవచ్చు. దాని నియమం ఒకటి గుర్తుంచుకోండి: పదేపదే నడవాల్సిన పని ఒక్కసారి ఎక్సెప్షన్‌తో బయటికి వస్తే, ఆ తర్వాత అది మళ్ళీ నడవదు. ఎక్కడా సందేశం రాదు, ప్రోగ్రాం నడుస్తున్నట్టే ఉంటుంది, పంపడం మాత్రం ఆగిపోతుంది. అందుకే ఆ పని బయటి పొరలో ఎక్సెప్షన్‌ను పట్టుకుని పూర్తి స్టాక్ ట్రేస్ లాగ్‌లో రాయాలి. అక్కడ మీరు లోపాన్ని సరిచేస్తున్నట్టు నటించడం లేదు, నమోదు చేసి తర్వాతి విడతకు అవకాశం ఇస్తున్నారు.

రెండో చోటు లావాదేవీ, అంటే అన్నీ కలిసి ఖాయం కావాల్సిన లేదా అన్నీ కలిసి రద్దు కావాల్సిన డేటాబేసు మార్పుల గుంపు. సగం వరసలు రాశాక ఏ కారణంతో ఆగినా, అది నల్ పాయింటర్ అయినా సరే, రోల్‌బ్యాక్ (రాసినవన్నీ రద్దు) చేసి తీరాలి. అక్కడ అన్నిటినీ పట్టుకోండి, రోల్‌బ్యాక్ చేయండి, అదే ఎక్సెప్షన్‌ను తిరిగి విసిరేయండి. జావా 7 నుంచి దీనికీ ఒక సౌకర్యం ఉంది. ఎక్సెప్షన్ అని పట్టుకుని ఆ వేరియబుల్‌ను మార్చకుండా తిరిగి విసిరితే, ట్రై లోపలి నుంచి నిజంగా రాగలిగినవి ఏవో కంపైలర్ లెక్కగడుతుంది. మీ మెథడ్ తలకట్టులో ఐఓఎక్సెప్షన్, ఎస్‌క్యూఎల్‌ఎక్సెప్షన్ అని రాస్తే చాలు, ఎక్సెప్షన్ అని రాయనక్కర్లేదు. స్ప్రింగ్ అనే జావా ఫ్రేమ్‌వర్క్ వాడుతుంటే ఇంకో జాగ్రత్త: ట్రాన్సాక్షనల్ అన్న గుర్తు మామూలుగా అన్‌చెక్డ్ ఎక్సెప్షన్లకూ ఎర్రర్లకూ మాత్రమే రోల్‌బ్యాక్ చేస్తుంది. మీ సొంత ఎక్సెప్షన్లను చెక్డ్‌గా చేసుకుంటే, అవి వచ్చినప్పుడు లావాదేవీ కమిట్ అయిపోతుంది. రోల్‌బ్యాక్ ఏ క్లాసులకు కావాలో విడిగా చెప్పాలి.

మీరు అడగకపోయినా మీ పనిలో వచ్చే మరో సమస్య చెబుతాను. ఫైలులో వందల వరసలుంటాయి. ఒక వరసలో తేదీ తప్పు, ఇంకో వరసలో తూకం తప్పు, మరో వరస ఇదివరకే ఎక్కింది. మొదటి తప్పు దగ్గరే ఆగితే గుమాస్తా ఒక్కొక్కటీ సరిచేసి మళ్ళీ మళ్ళీ నొక్కాలి. ఇక్కడ ట్రైను లూపు బయట కాదు, లోపల పెట్టండి. వరస లోపాలను ఒక జాబితాలో వరస సంఖ్యతో పోగుచేసి, చివర అన్నీ ఒకేసారి చూపండి. తాత్కాలిక లోపం, ఏర్పాటు లోపం మాత్రం లూపు బయటికి వెళ్ళనివ్వండి. డేటాబేసే పోయాక మిగతా వరసలను ప్రయత్నించడంలో అర్థం లేదు. ఇక్కడ ఆ మూడు గుంపుల ప్రయోజనం ఇంకా బాగా కనిపిస్తుంది.

ఒకేసారి పలు ఎక్సెప్షన్లు రావడం అన్నది సమాంతరంగా నడిచే పనుల్లో మరింత ఎక్కువ. మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్ 4తో 2010లో అగ్రిగేట్ ఎక్సెప్షన్ వచ్చింది, లోపల ఎన్ని లోపాలైనా మోస్తుంది. అయితే పని పూర్తయ్యేదాకా వేచి ఉండే అవెయిట్ వాడితే వాటిలో ఒక్కటే బయటికి విసరబడుతుంది, మిగతావి టాస్క్‌లో వెతుక్కోవాలి. పైథాన్ 3.11లో, 2022లో, ఎక్సెప్షన్ గ్రూప్ వచ్చింది. ఎక్సెప్ట్ పక్కన నక్షత్రం గుర్తు పెడితే గుంపులోంచి ఆ రకం లోపాలను మాత్రమే తీసి చూసుకుని, మిగిలినవాటిని పైకి పోనిస్తుంది. జావాలో అలాంటి క్యాచ్ లేదు. ఒక ఎక్సెప్షన్‌కు మిగతావాటిని సప్రెస్డ్‌గా (వెనక నిలిపిన లోపాలుగా) జోడించడం వరకే ఉంది. మీ పనికి జాబితానే మేలు.

వేరే భాషకు మారితే ఇదే ఆలోచన ఎలా రాయాలో క్లుప్తంగా. పైథాన్‌లో క్లాసుల పేర్లను బ్రాకెట్‌లో టపుల్‌గా రాస్తారు. పీహెచ్‌పీలో 7.1 నుంచి జావాలాగే నిలువు గీత. కోట్లిన్‌లో మల్టీ క్యాచ్ లేదు. సీ షార్ప్‌లో నిలువు గీత లేదు కానీ అంతకంటే శక్తిమంతమైనది ఉంది: 2015లో వచ్చిన సీ షార్ప్ 6 నుంచి క్యాచ్ పక్కన వెన్ అని రాసి షరతు పెట్టవచ్చు. ఆ షరతు నిజమైతేనే క్యాచ్ పట్టుకుంటుంది, లేకపోతే స్టాక్ చెక్కుచెదరకుండా పైకి పోతుంది. అక్కడ ఇంటర్‌ఫేస్‌ను బట్టి కూడా గుంపు కట్టవచ్చు, ఎస్‌క్యూఎల్ లోపం సంఖ్యను బట్టి కూడా కట్టవచ్చు. జావాలో ఇది ఉంటే బాగుండునని నాకు చాలాసార్లు అనిపించింది.

మీ కోడ్‌ను మార్చే క్రమం కూడా చెబుతాను. ముందు సందేశం మాత్రమే రాస్తున్న లాగ్‌లన్నిటినీ ఎక్సెప్షన్ వస్తువుతో సహా రాసేలా మార్చండి, స్టాక్ ట్రేస్ వస్తుంది. కొన్నాళ్ళు నడవనివ్వండి. నిజంగా ఏ ఎక్సెప్షన్లు వస్తున్నాయో ఆ లాగ్ చెబుతుంది, మనం కూర్చుని ఊహించినవాటికీ వాటికీ తేడా ఉంటుంది. ఆ జాబితాను ముందు పెట్టుకుని ఒక్కోదాని ఎదుట చేయాల్సిన పని రాయండి. గుంపులు వాటంతటవే తేలతాయి. ఆ పనిని మీతోపాటు కాటా దగ్గర కూర్చునే మనిషితో కలిసి చేయండి, ఏ లోపానికి తాను ఏం చేయగలడో అతనికే బాగా తెలుసు.

చివరగా పరీక్ష. జావా కోడ్‌ను పరీక్షించే జేయూనిట్ 5లో పారామీటరైజ్డ్ టెస్టు (ఒకే పరీక్షను వేర్వేరు విలువలతో నడిపేది) ఒకటి రాయండి. ఎక్సెప్షన్ల జాబితా ఒక పక్క, ప్రతిదానికీ ఆశించే స్పందన ఇంకో పక్క. డేటాబేసు క్లాసు స్థానంలో అడిగిన ఎక్సెప్షన్‌ను విసిరే నకిలీ క్లాసు పెట్టండి. మళ్ళీ ప్రయత్నించిందా, వరసను పక్కన పెట్టిందా, ఆగిందా అన్నది చూడండి. ఆ జాబితాలో నల్ పాయింటర్ ఎక్సెప్షన్‌ను కూడా చేర్చండి. దానికి ఆశించే ఫలితం: ఏ గుంపూ దాన్ని పట్టుకోకూడదు, అది బయటి అంచు దాకా రావాలి, డేటాబేసులో ఒక్క వరస కూడా మిగలకూడదు. ఎవరైనా రేపు ఆ క్యాచ్‌ను పేరెంట్ క్లాసుగా మారిస్తే మొదట విఫలమయ్యే టెస్టు అదే.